ఏడో తరగతి దగ్గర ఆగిన చదువు – అగ్రపీఠం దాకా నడిచిన జీవితం
(కార్డినల్ పూల ఆంథోని గారి జీవితం, నాయకత్వం – ఒక పరిశీలన)



వార్షికోత్సవ సంచికలో ఒక పెద్దమనిషి జీవితాన్ని పాఠంగా చదువుకోవడం మనకు అలవాటే. డాక్టర్ అంబేద్కర్ గారు, మహాత్మా జ్యోతిరావు ఫూలే గారు, దామోదరం సంజీవయ్య గారు, మహాకవి గుర్రం జాషువా గారు మనందరికీ తెలిసిన పేర్లు. ఈసారి మేము ఒక కథోలిక క్రైస్తవ అగ్రపీఠాధిపతి జీవితాన్ని ఎంచుకున్నాం. ఈ మాట స్టడీ అవర్‌లో చెప్పగానే ఒక తమ్ముడు లేచి, "అన్నా, మన హాస్టల్‌లో అన్ని మతాల వాళ్లం ఉన్నాం కదా, బిషప్ గారి కథ మనకెందుకు?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే అడిగాడు. మా జవాబు ఒక్కటే. ఆయన చదువు ఏడో తరగతి తర్వాత పేదరికం వల్ల ఆగిపోయింది. అక్కడితోనే ఆగి ఉంటే ఈనాడు ఆయన పేరు మనకెవరికీ తెలిసేది కాదు. ఆగిన చోటు నుంచి చదువు మళ్లీ ఎలా కదిలింది, కదిలాక ఆ మనిషి ఏం చేశారు అన్నదే ఈ పాఠం. జూన్‌లో మన రిజిస్టర్‌లో ఉన్న పేర్లలో కొన్ని సంక్రాంతి సెలవుల తర్వాత హాజరు పిలుపులో వినపడవు. అలా ఆగిపోయిన పేర్లను తలచుకుంటూ ఇది చదవమని కోరుతున్నాం.

ముందుగా కొన్ని మాటలు

కథోలిక సంఘంలో ఒక ఊరి లేదా కొన్ని ఊళ్ల విశ్వాసుల సమూహాన్ని విచారణ అంటారు. దానిని చూసుకునేవారు గురువు. మనం ఫాదర్ గారు అని పిలిచేది వీరినే. ఇలాంటి విచారణలు అనేకం కలిస్తే ఒక మేత్రాసనం అవుతుంది. దానికి పెద్ద బిషప్, అంటే పీఠాధిపతి. కొన్ని మేత్రాసనాలను ఒక మండలంగా కూర్చి, వాటిలో ఒకదానిని అగ్రపీఠం చేస్తారు. ఆ అగ్రపీఠానికి అధిపతి ఆర్చిబిషప్.

ఆర్చిబిషప్ అంటే మిగిలిన బిషప్‌ల మీద అజమాయిషీ చేసే అధికారి అని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి బిషప్ తన మేత్రాసనానికి తానే బాధ్యుడు. ఆర్చిబిషప్ తన మేత్రాసనాన్ని నడుపుతూనే మండలంలో పెద్దన్న స్థానంలో ఉంటారు. ఆయనకు పోపు గారు గొర్రె ఉన్నితో నేసిన ఒక తెల్లని పట్టీని ఇస్తారు. దాని పేరు పాలియం. దానిని భుజాల మీద ధరిస్తారు. తప్పిపోయిన గొర్రెను వెతికి భుజాల మీద మోసుకొచ్చే కాపరికి అది గుర్తు. ఈ గుర్తును జ్ఞాపకం పెట్టుకోండి, చివరిలో మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

తెలుగువారి అగ్రపీఠాల్లో రెండు ఇవి. హైదరాబాద్ 1953లో, విశాఖపట్నం 2001లో అగ్రపీఠాలు అయ్యాయి. కర్నూలు, కడప జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, కథోలిక సంఘం లెక్కలో ఆ రెండు మేత్రాసనాలూ హైదరాబాద్ మండలం కిందికే వస్తాయి.

మన విశాఖ సంగతి

ఉక్కునగరం నుంచి బస్సెక్కి పాత ఊళ్లో దిగితే పోర్టు పక్కన మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద వేంకటేశ్వర స్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మూడో కొండ రాస్ హిల్ మీద మరియమాత దేవాలయం ఉన్నాయి. ఓడలో వచ్చేవారికి మూడూ కనిపిస్తాయి. జ్ఞానాపురంలోని పునీత పేతురు ప్రధాన దేవాలయం విశాఖ అగ్రపీఠానికి కేంద్రం.

విశాఖ కథోలిక సంఘ చరిత్ర పాతది. 1846లో ఐరోపాలోని సవాయ్ ప్రాంతం నుంచి మిషనరీలు ఇటు వచ్చారు. 1850లో విశాఖ ప్రత్యేక పాలనా ప్రాంతం అయింది. 1886లో మేత్రాసనం అయింది. 1966 వరకు దీనికి పెద్దలుగా ఉన్నవారంతా ఐరోపా వారే. 1966లో గోపు ఇగ్నేషియస్ గారు బిషప్ అయ్యారు. అంటే మన ప్రాంతపు మనిషి ఆ కుర్చీలో కూర్చోవడానికి 116 సంవత్సరాలు పట్టింది. ఆ తర్వాత గుంటూరు బిషప్‌గా ఉన్న కాగితపు మరియదాసు గారు 1982లో విశాఖకు వచ్చారు. 2001లో విశాఖ అగ్రపీఠం అయినప్పుడు ఆయనే తొలి ఆర్చిబిషప్ అయ్యారు. 2012లో పదవీ విరమణ చేసి 2018లో కన్నుమూశారు.

ఈ లెక్కలు చెప్పడానికి కారణం ఉంది. సేవ చేయించుకునే ప్రజల నుంచే సేవను నడిపించే నాయకుడు రావడానికి చాలా కాలం పడుతుంది. తెలుగువాడు బిషప్ కావడానికి ఒక శతాబ్దం దాటితే, దళితవాడ బిడ్డ ఆర్చిబిషప్ కావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాద్ ఆర్చిబిషప్ అయ్యారు. భారతదేశంలో ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడు ఆయనే. జోజి గారు 2010లో మరణించారు. ఆయన నడిచిన దారిలోనే తర్వాత వచ్చినవారు పూల ఆంథోని గారు.

చిందుకూరు నుంచి కడపకు

పూల ఆంథోని గారు 1961 నవంబరు 15న నాటి కర్నూలు జిల్లాలోని చిందుకూరులో పుట్టారు. పేద దళిత కుటుంబం. దేశంలోనే మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి సంజీవయ్య గారిది కూడా అదే కర్నూలు జిల్లా. ఆంథోని గారు పుట్టిన ఏడాది మన రాష్ట్ర ముఖ్యమంత్రి సంజీవయ్య గారే. ఒక దళితుడు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ రోజుల్లోనే అదే జిల్లాలోని పల్లెల్లో పిల్లలు ఫీజుకో, పుస్తకాలకో, ఇంట్లో తిండికో లేక బడి మానేస్తున్నారు. ఒక్క మనిషి పైకి వెళ్తే అందరి బతుకూ మారదనడానికి ఇదే సాక్ష్యం. ఈ సంగతి దాచి పాఠం చెప్పడం మాకు ఇష్టం లేదు.

ఏడో తరగతి పూర్తయ్యాక ఆంథోని గారి చదువు ఆగింది. అప్పుడు అమెరికాలోని మిషిగన్ నుంచి వచ్చి ఇక్కడ పని చేస్తున్న మిషనరీలు ఆయనను కడపకు తీసుకువెళ్లి చదువు కొనసాగేలా చేశారు. ఆయన జీవితంలో పెద్ద మలుపు ఇదే. తెలివిగల పిల్లవాడు కాబట్టి ఎలాగైనా పైకి వచ్చేవాడు అని మనం అనుకోకూడదు. ఆ వాడల్లో తెలివిగల పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల దగ్గరకు ఎవరూ వెళ్లలేదు, ఈ పిల్లవాడి దగ్గరకు వెళ్లారు. తేడా అక్కడే ఉంది.

తర్వాత ఆయన నూజివీడులోని చిన్న గురువిద్యాలయంలో చేరారు. ఆపైన బెంగళూరులోని సెయింట్ పీటర్స్ గురువిద్యాలయంలో తత్వశాస్త్రం, దైవశాస్త్రం చదివారు. 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికి గురువుగా అభిషిక్తులయ్యారు. అప్పటికి ఆయన వయసు ముప్పయ్యేళ్లు. ఏడో తరగతి దగ్గర ఆగిన రోజు నుంచి లెక్క వేస్తే ఎంత దూరం! పదో తరగతిలో ఒక సబ్జెక్టు పోతే జీవితమే పోయిందని కుంగిపోయే మన తమ్ముళ్లు ఈ లెక్కను కాస్త నెమ్మదిగా చూడాలి.

గురువుగా పదహారేళ్లు

1992 నుంచి 2008 వరకు ఆయన మామూలు ఫాదర్. కడప మేత్రాసనంలోని అమగంపల్లి, టేకూరుపేట, బద్వేలు, వీరపల్లి విచారణల్లో పని చేశారు. వర్షాధారపు భూములు, కరువు, వలసలు ఉన్న ప్రాంతం అది. ఇలాంటి చోట ఫాదర్ గారి పని ఆదివారం పూజతో అయిపోదు. బడి సంగతి, జబ్బుల సంగతి, గొడవలు, పెళ్లిళ్లు, చావులు అన్నీ ఆయన గుమ్మం దగ్గరకే వస్తాయి.

2001 నుంచి 2003 వరకు ఆయన అమెరికాలోని చికాగోలో ఉన్నారు. రోగులకు, బాధలో ఉన్నవారికి తోడు నిలిచే సేవకు సంబంధించిన చదువు చదువుతూ అక్కడి ఒక విచారణలో గురువుగా పని చేశారు. విదేశం వెళ్లినవారు తిరిగి రారని మన దగ్గర ఒక మాట ఉంది. ఆయన తిరిగి కడపకే వచ్చారు.

వచ్చాక 2004 నుంచి చేసిన పని మనకు ముఖ్యం. పేద పిల్లలకు, వృద్ధులకు దాతల చేయూత అందించే ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది. అప్పట్లో దాని పేరు క్రిస్టియన్ ఫౌండేషన్ ఫర్ చిల్డ్రన్ అండ్ ఏజింగ్. తర్వాత అన్‌బౌండ్ అని మార్చారు. కడపలో దాని కార్యక్రమానికి ఆంథోని గారు డైరెక్టర్ అయ్యారు. ఎక్కడో ఉన్న ఒక కుటుంబం ఇక్కడి ఒక పిల్లవాడి పేరు మీద నెలనెలా కొంత సొమ్ము పంపడం, అది ఆ పిల్లవాడి చదువుకు, ఆరోగ్యానికి చేరేలా చూడడం ఆ కార్యక్రమం పద్ధతి. దానితో పాటు మేత్రాసనంలో విద్యా కార్యదర్శిగా, పాఠశాలల డిప్యూటీ మేనేజరుగా కూడా ఉన్నారు.

గమనించారా? ఒకనాడు ఎవరో వచ్చి చేయి పట్టుకుని కడపకు తీసుకువెళ్లిన పిల్లవాడు, అదే కడపలో మరెందరో పిల్లల చేయి పట్టుకునే కుర్చీలో కూర్చున్నాడు. తీసుకున్న సాయాన్ని తిరిగి ఇవ్వాలంటే ఇచ్చినవారికే ఇవ్వనక్కర లేదు, మన తర్వాత వరుసలో నిలబడ్డవారికి ఇవ్వాలి అన్నది ఇక్కడ మేము నేర్చుకున్న మొదటి పాఠం.

కర్నూలు పీఠం, హైదరాబాద్ అగ్రపీఠం

2008 ఫిబ్రవరి 8న పోపు పదహారవ బెనెడిక్ట్ గారు ఆయనను కర్నూలు బిషప్‌గా నియమించారు. ఏప్రిల్ 19న అభిషేకం జరిగింది. తన చదువు ఆగిన ప్రాంతానికే ఆయన పీఠాధిపతిగా తిరిగి వచ్చారు. పన్నెండేళ్లకు పైగా అక్కడ ఉన్నారు. తెలుగు బిషప్‌ల సమాఖ్యలో యువజన విభాగం బాధ్యతలు కూడా చూశారు.

2020 నవంబరు 19న పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా ప్రకటించారు. 2021 జనవరి 3న బాధ్యతలు స్వీకరించారు. కరోనాతో లోకమంతా అతలాకుతలమైన కాలం అది. ఆ తర్వాత 2022 మే 29న పోపు గారు కొత్త కార్డినల్స్ పేర్లు చదివినప్పుడు అందులో ఆంథోని గారి పేరు ఉంది. 2022 ఆగస్టు 27న రోమ్‌లో ఎర్ర టోపీ అందుకున్నారు. తెలుగువారిలో మొదటి కార్డినల్ ఆయన. దళితుల్లో మొదటి కార్డినల్ కూడా ఆయనే.

ఎర్ర టోపీ, తెల్ల కాగితం

కార్డినల్ అంటే పోపు గారికి సలహాదారు. పోపు గారు మరణిస్తే, ఎనభై ఏళ్లు దాటని కార్డినల్స్ కలిసి కొత్త పోపును ఎన్నుకుంటారు. వారు ధరించే ఎరుపు, నమ్మిన దాని కోసం రక్తం ఇవ్వడానికైనా సిద్ధం అనే మాటకు గుర్తు.

2025 ఏప్రిల్ 21న పోపు ఫ్రాన్సిస్ గారు మరణించారు. మే 7న ఎన్నిక మొదలైంది. ఓటు వేసిన కార్డినల్స్ 133 మంది. వారిలో భారతదేశం నుంచి నలుగురు, ఆ నలుగురిలో ఒకరు ఆంథోని గారు. గెలవడానికి మూడింట రెండు వంతులు, అంటే 89 ఓట్లు రావాలి. ప్రతి ఒక్కరూ ఒక కాగితం మీద పేరు రాసి, మడిచి, ఒక్కొక్కరే నడిచి వెళ్లి పాత్రలో వేస్తారు. మే 8న పోపు పద్నాలుగవ లియో గారు ఎన్నికయ్యారు.

అంబేద్కర్ గారు 1949 నవంబరులో రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ వస్తుందని, సమాజంలో మాత్రం ఆ సమానత్వం ఇంకా రాలేదని హెచ్చరించారు. లోకంలోని పెద్ద పెద్ద నగరాల నుంచి వచ్చిన కార్డినల్స్ కాగితాల మధ్య చిందుకూరు బిడ్డ కాగితం కూడా పడింది. లెక్కించేటప్పుడు దానికీ అంతే విలువ. ఈ దృశ్యాన్ని ఊహించుకున్నప్పుడు మా స్టడీ అవర్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కులం సంగతి

ఇక్కడ ఒక కష్టమైన విషయం చెప్పాలి. భారతదేశానికి మొదటి కార్డినల్ 1953లో వచ్చారు, ముంబయికి చెందిన వలేరియన్ గ్రేషియస్ గారు. మొదటి దళిత కార్డినల్ 2022లో వచ్చారు. మధ్యలో 69 ఏళ్లు. మన దేశపు కథోలికుల్లో దళితుల సంఖ్య చాలా పెద్దది. అయినా ఇంత కాలం ఎందుకు పట్టింది? దేవుని ముందు అందరూ సమానమే అని చెప్పే చోట కూడా కులం లోపలికి వచ్చి కూర్చుంది. కొన్ని ఊళ్లలో సమాధుల స్థలాలు కూడా వేరు. 2016లో కథోలిక బిషప్‌ల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధాన పత్రం తెచ్చి, సంఘంలో వివక్ష ఉందని తానే ఒప్పుకుంది. తప్పు ఒప్పుకోవడం కూడా నాయకత్వమే, కానీ అది మొదటి మెట్టు మాత్రమే.

రెండో విషయం చట్టానిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారిని బీసీ-సి గ్రూపులో ఉంచారు. ఆ గ్రూపు రిజర్వేషన్ ఒక శాతం. సంక్షేమ వసతి గృహాల్లో వారికి కూడా ప్రవేశం ఉంది. ఈ హోదా ప్రశ్నను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషన్ వేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది.

ఇందులో ఎవరి వాదన ఎంతవరకు న్యాయమో పెద్దలు తేలుస్తారు. మాకు తెలిసింది చిన్న విషయం. మెస్‌లో పళ్లెం పట్టుకుని ఒకే వరుసలో నిలబడతాం. ఒకడి సర్టిఫికెట్‌లో ఎస్సీ అని, పక్కవాడి సర్టిఫికెట్‌లో బీసీ-సి అని ఉంటుంది. ఇద్దరి తాతలూ ఒకే వాడలో, ఒకే అవమానంలో బతికినవారు. కాబట్టి సర్టిఫికెట్ చూసి స్నేహం తగ్గించుకోవద్దు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దు. మన మధ్య గోడ లేస్తే, మనల్ని వెనక్కి నెట్టినవారి పని సులువవుతుంది.

ఈ జీవితం నుంచి మేము నేర్చుకున్న నాయకత్వం

మొదటిది, నాయకుడు ఒంటరిగా తయారు కాడు. ఏడో తరగతి పిల్లవాడి కోసం ఎవరో వచ్చారు. ఆ రాక లేకపోతే తర్వాత కథే లేదు.

రెండోది, పదవికి ముందు పని ఉంటుంది. ఆంథోని గారు 2008లో బిషప్ అయ్యేనాటికి పదహారేళ్లు మామూలు విచారణల్లో, పిల్లల చదువు పనుల్లో ఉన్నారు. హాస్టల్ లీడర్ కావాలనుకునే తమ్ముడు ముందు మెస్ కమిటీలో అన్నం సరిగ్గా వడ్డించడం నేర్చుకోవాలి.

మూడోది, పై మెట్టు ఎక్కిన మనిషి కింది మెట్టును మరవకూడదు. పాలియం భుజాల మీద ఉండడంలో అర్థం అదే. కిరీటం తల మీద ఉంటుంది, అది మోసేవాడి గొప్పను చూపిస్తుంది. భుజం మీది పట్టీ మోయవలసిన బరువును గుర్తు చేస్తుంది.

నాలుగోది, ఒక మనిషి ఎదుగుదలను చూసి మనం సంతోషించాలి, కానీ దానితో పని అయిపోయిందనుకోకూడదు. సంజీవయ్య గారి కాలంలో ఆగిన చదువులు ఉన్నాయి, మన కాలంలోనూ ఉన్నాయి.

అన్నయ్యలకు ఒక మనవి

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో ఉక్కు కర్మాగారంలో, పోర్టులో, బడుల్లో, ఆఫీసుల్లో పని చేసే అన్నయ్యలు ఉంటారు. మీకు డబ్బు గురించి మనవి చేయడం లేదు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక్కసారి మా హాజరు రిజిస్టర్ చూడండి. మధ్యలో ఆగిన పేరు ఒకటి తీసుకోండి. ఆ తమ్ముడి ఊరు వెళ్లి ఎందుకు రావడం లేదని అడగండి. అప్పు కావచ్చు, ఇంట్లో జబ్బు కావచ్చు, ఒక పరీక్ష పోయిందన్న సిగ్గు కావచ్చు. చాలాసార్లు కారణం చిన్నది, అడిగేవారు లేకే అది పెద్దదవుతుంది. తిరిగి రాలేని పరిస్థితి ఉంటే సప్లిమెంటరీ పరీక్షలు, ఓపెన్ స్కూల్ ఉన్నాయని చెప్పి దరఖాస్తు రాయించండి. మేము కూడా మా వంతుగా, సెలవులు అయ్యాక రాని ప్రతి స్నేహితుడి ఇంటికి వారం లోపల ఇద్దరం వెళ్లాలని నిర్ణయించుకున్నాం.

ఒకనాడు చిందుకూరులో ఒక పిల్లవాడి చదువు ఆగిందని గమనించి ఎవరో వచ్చారు. మన ఊళ్లకు ఆ వచ్చేవారం మనమే కావాలి.

స్టడీ అవర్‌లో చర్చకు ప్రశ్నలు

1. ఆంథోని గారి జీవితంలో ఆయన కృషి ఎంత, ఇతరుల చేయూత ఎంత? మీ జీవితంలో చేయూత ఇచ్చినవారు ఎవరు?
2. పాలియం దేనికి గుర్తు? మన హాస్టల్ లీడర్‌కు అలాంటి గుర్తు ఒకటి ఇవ్వాలంటే ఏది ఇస్తారు?
3. మొదటి కార్డినల్‌కు, మొదటి దళిత కార్డినల్‌కు మధ్య 69 ఏళ్లు ఎందుకు పట్టి ఉంటాయి?
4. మీ తరగతిలో ఈ ఏడాది ఆగిపోయిన పేరు ఏది? వారి ఇంటికి ఎవరు వెళ్తారు?